చెవి వెనుకటి త్రోవ

మన సంఘముల సంచికలయందు శాసనములను గూర్చియు, వలస వచ్చిన వంశములను గూర్చియు, కవి గాయకులను గూర్చియు వ్యాసములు పెక్కు వెలువడినవి. ఈ పర్యాయము మేము చెవిని గూర్చి వ్రాయబూనితిమి. ఇది వైద్యుల సొత్తు గదా, మనకేల యని పాఠకులకు తోచవచ్చును. కాని ఒక భాష ఒక యింటిలో నిలుచుటయో, పోవుటయో యొక్కొక్కప్పుడు ఒక పసిబిడ్డ చెవిలో తేలునని గడచిన కొన్నియేండ్లలో మాకు అనుభవమునకు వచ్చినది. అందువలన ఆ చెవికి త్రోవ ఎట్లు పడినదో, ఆ త్రోవను ఎవరెవరు వేసిరో తెలిసికొన గోరితిమి.

బెంగుళూరునకు దక్షిణమున హోసూరు బాటపై కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు అను గ్రామముల పొలములలో 332 ఎకరముల మేర 1978లో ఎలక్ట్రానిక్ సిటీ వెలసినది. కియోనిక్స్ సంస్థకు తొలి అధ్యక్షులైన ఆర్. కె. బాళిగా గారి తలంపు ఇది. అంతకుముందు నుండియే ఆనేకల్లు, హోసూరు సీమలలో తెలుగు మాటాడు రైతు కుటుంబములు తరతరములుగా కలవు. నగరములోని పెద్ద కర్మాగారములకు పనికై వచ్చి స్థిరపడినవారు కొందరు, పిమ్మట కంప్యూటరు కొలువులకు వచ్చినవారు మరికొందరు. 2025 ఆగస్టులో పసుపు మార్గపు మెట్రో రైలు ఈ సీమను దాటి బొమ్మసంద్రము వరకు వచ్చినది. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు: ఇది మన పిల్లల దినచర్య.

ఈ సీమలోనే మాకు ఎరుకైన ఒక కుటుంబమున ఆడబిడ్డ పుట్టినది. ఏడాది దాటినను పిలిచినచో తల త్రిప్పదు. వెనుక నిలిచి చప్పట్లు కొట్టి చూచిరి. పళ్ళెము నేలవైచిరి. నేల అదురు తెలిసి బిడ్డ ఒకమారు ఉలికిపడుటతో ఇంటివారు ఊరట చెందిరి. "వాళ్ళ మేనమామకూ నాలుగేండ్లకే మాట వచ్చింది" అని పెద్దలు అనిరి. ఈ మాట మన యిండ్లలో ఎందరు బిడ్డల కాలమును హరించినదో చెప్పజాలము. తుదకు పరీక్షలు చేయించగా రెండు చెవులకును తీవ్రమైన చెవుడని తేలెను. శస్త్రచికిత్స చేసి కాక్లియర్ ఇంప్లాంటు పెట్టవలెనని వైద్యులు చెప్పిరి. ఆ తండ్రి మమ్ము అడిగిన మొదటి ప్రశ్న ధనమును గూర్చినది కాదు. "చెవి వెనుక ఎముక తొలుస్తారంట. పాప మొగం వంకరపోదు కదా?" అని.

ఆ ప్రశ్న అమాయకమైనది కాదు. ఈ చికిత్స చరిత్రలో సగము ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే.

చెవిలోనికి వచ్చిన శబ్దము కర్ణభేరిని కదలించును. దాని వెనుకనున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోచెవికి చేర్చును. అచట నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన ఎముక గొట్టము కలదు. దానిని మన పాఠ్యపుస్తకములు కర్ణావర్తమనును. అందులోని సుమారు 15,000 రోమకణములు కదలికను విద్యుత్తుగా మార్చి శ్రవణనాడికి అందించును. పుట్టుచెవుడు గల బిడ్డలలో పెక్కుమందికి లోపము ఈ రోమకణముల దగ్గరనే యుండును. నాడి మాత్రము బ్రతికియే యుండును. చెవికి తగిలించు వినికిడి యంత్రము శబ్దమును పెద్దది చేయును గాని, అందుకొను కణమే లేనప్పుడు ఎంత పెద్ద శబ్దమైనను వ్యర్థము. ఇంప్లాంటు ఆ కణములను దాటిపోయి నాడినే నేరుగా తట్టును. అయితే కర్ణావర్తము పుర్రెలోకెల్ల కఠినమైన ఎముకలో దాగియున్నది. దానిని చేరుట ఎట్లు?

చెవి వెనుక ఉబ్బెత్తుగా తగులు మాస్టాయిడ్ ఎముకను తెరచుట పూర్వము చీము తీయుటకై పుట్టిన పని. 18వ శతాబ్దమున పారిస్ నగరమున ఝాఁ లూయీ పెతీ అను శస్త్రవైద్యుడు చీముపట్టిన ఆ ఎముకను తెరచి రోగిని బ్రతికించెను. అది చూచి ఇతరులకు ఆశ పుట్టినది. డెన్మార్కు రాజవైద్యుడైన బెర్గర్ ప్రభువు తన చెవిటితనమును, చెవిలోని హోరును పోగొట్టుకొన గోరి 1791లో ఆ శస్త్రమునే చేయించుకొని కొన్ని దినములలో మరణించెను. రాజవైద్యుడే చనిపోయిన పిమ్మట దానిని ముట్టువా డెవడు? సుమారు ఎనుబది యేండ్లు ఆ త్రోవ మూతపడినది. 1873లో జర్మనీలోని హాలె నగరమున ష్వార్ట్జె అను వైద్యుడు దానిని ఎప్పుడు చేయవలెనో, ఎప్పుడు చేయరాదో నిర్ణయించి తిరిగి తెరచెను. వినికిడి కొరకు తెరచి మూయబడిన త్రోవ చీము కొరకు మరల తెరువబడి, నూరేండ్లకు వినికిడికే పనికివచ్చుట మాకు వింతగా తోచును.

1953లో జైస్ వారి శస్త్రచికిత్సా సూక్ష్మదర్శిని వచ్చుటతో చెవివైద్యము రూపు మారినది. అంతవరకు వ్రేలితోను, ఊహతోను వెదకినది ఇప్పుడు కంటికి కనబడెను. మొగమును కదలించు ముఖనాడి ఈ ఎముక గుండానే దిగును. దాని ప్రక్కనుండి నాలుకకు రుచి తెలుపు సన్నని నాడి ఒకటి చీలిపోవును. ఈ రెండింటి నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కోణపు సందు కలదు. ఆ సందు గుండా నడిమిచెవిలోనికి చొరబడు పద్ధతిని 1950ల చివరి సంవత్సరములలో జర్మనీలో యాన్సెన్, అమెరికాలో విలియం హౌస్ రూపొందించిరి. నేడు లోకమున అత్యధికముగా బిడ్డలకు ఇంప్లాంటు పెట్టునది ఈ సందు గుండానే. ఆ తండ్రి ప్రశ్న ఈ సందును గూర్చినదే.

త్రోవ ఇట్లు పడుచుండగా, ఆ త్రోవన పంపవలసిన విద్యుత్తు కథ వేరుగా నడచినది. 1800 ప్రాంతమున విద్యుద్ఘటమును కనుగొన్న వోల్టా తన రెండు చెవులలోను లోహపు కడ్డీలు పెట్టుకొని విద్యుత్తు పారించుకొనెను. తలలో దెబ్బ తగిలినట్లయి, ఏదో చిక్కని ద్రవము కుతకుత ఉడుకు చప్పుడు వినబడెనట. మరల ఆ ప్రయోగమునకు ఆయన సాహసింపలేదు. 1957 ఫిబ్రవరి 25న పారిస్‌లో ఝూర్నో అను శాస్త్రజ్ఞుడు, ఏరియెస్ అను శస్త్రవైద్యుడు కలసి, రెండు చెవులును చెడి ముఖనాడియు దెబ్బతిన్న ఒకని లోచెవినాడిపై తీగచుట్టను నిలిపిరి. ముఖనాడిని బాగుచేయ తెరచిన చోటనే ఇది జరిగెను. అతడు లయను గుర్తించెను. కొలది మాటలను పోల్చుకొనెను. పరికరము కొలదికాలమునకే చెడెను. ఝూర్నో తన పనిని ఏ వ్యాపారసంస్థకును అప్పగింప నొల్లలేదు.

పిమ్మట హౌస్ 1961లో లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరికి తీగలు పెట్టి, శరీరము ఒప్పకపోగా తీసివేయవలసి వచ్చెను. ఆయన మొదట దంతవైద్యుడు; ఎముకలోని సన్నని పని చేతికి అబ్బినది అందువలననే యేమో! ఆయన ఒంటితీగ పరికరమునకు 1984లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. దానివలన శబ్దము వినబడునే గాని మాట తెలియుట అరుదు. మాట తెలియవలెనన్నచో కర్ణావర్తపు వేర్వేరు చోట్ల వేర్వేరు తీగలు కావలెను. మొదటి చుట్టున సన్నని స్వరములు, కొసన బొంగురు స్వరములు పలుకుట దాని స్వభావము.

ఆ పని చేసినవారిలో ఆస్ట్రేలియా దేశపు గ్రేమ్ క్లార్క్ కథ మాకు ప్రియమైనది. ఆయన తండ్రి మందుల దుకాణదారు. చెవులు సరిగా వినబడవు. దుకాణమున తండ్రి పడిన అవస్థను చూచుచు పెరిగిన బాలుడు చెవివైద్యుడయ్యెను. తోటి శాస్త్రజ్ఞులు పెదవి విరువగా, టెలివిజను ద్వారా ప్రజలనుండి చందాలు పోగుచేసి పరిశోధన నడపెను. మెత్తని తీగల కట్టను ఆ చుట్లలోనికి లోతుగా పంపుట సాధ్యము కాలేదు. 1977లో సముద్రతీరమున ఒక గుల్లను చేతబట్టి గడ్డిపరకలను అందులోనికి దూర్చి చూచెను. మొదలు గట్టిగను కొన మెత్తగను ఉన్న పరక చుట్లవెంట జారుకొని పోయెను! తీగల కట్టను అట్లే చేయించి 1978 ఆగస్టు 1న మెల్బోర్న్ నగరమున ఒక చెవిటివానికి పెట్టెను. అంతకు కొలది నెలల ముందు, 1977 డిసెంబరున, వియన్నా నగరమున హోఖ్‌మైర్ దంపతులు నిర్మించిన పలుతీగల పరికరము మరొకనికి పెట్టబడినది.

పెద్దలకు పలుతీగల పరికరము పెట్టుటకు అమెరికాలో 1985లోను, రెండేండ్లు దాటిన పిల్లలకు 1990లోను, ఏడాది నిండినవారికి 2000లోను, తొమ్మిది నెలలవారికి 2020లోను అనుమతి దొరికినది. ఈ వయస్సు ఇట్లు దిగివచ్చుటకు హేతువు కలదు. శబ్దమెరుగని మెదడు శబ్దమునకై కేటాయించిన చోటును మరొక పనికి వినియోగించుకొనును. మూడున్నర యేండ్లలోపున శబ్దమందిన బిడ్డల మెదడు తక్కినవారి మెదడువలెనే స్పందించుచున్నదని అమెరికాలో అనూ శర్మ గారును వారి సహచరులును 2002లో చూపిరి. మేనమామ మాట వినుచు కూర్చుండుట ఎంత నష్టమో దీనివలన తెలియును.

ఇక బిడ్డకు చేయు శస్త్రము. కర్ణావర్తము పుట్టుకనాడే పెద్దవారి కొలత కలిగియుండును. ఇది ప్రకృతి చేసిన మేలు. తక్కిన పుర్రె మాత్రము పెరుగుచుండును. రెండేండ్లలోపు బిడ్డకు మాస్టాయిడ్ ఎముక కొన ఇంకను రూపొందదు గనుక ముఖనాడి చెవి క్రింద చర్మమునకు చేరువగా బయటికి వచ్చును. కావున గాటును క్రిందికి దింపరాదు. పుర్రె పలుచన, పరికరమునకు గుంట చేయునప్పుడు మెదడు పొర తగులును. బిడ్డ ఒంటిలోని నెత్తురే కొలది. గరిటెడు పోయినను లెక్కపెట్టవలసినదే. శస్త్రము జరుగునంతసేపు ముఖనాడి కదలికను కనిపెట్టు యంత్రమొకటి మ్రోగుటకు సిద్ధముగా ఉండును. ఎముకను తిరుగుడు రంపపు మొనతో, నీరు పోయుచు, వజ్రపు పొడి అద్దిన మొనకు మారుచు నాడిని పలుచని ఎముక తొడుగు క్రింద చూచువరకు అరుగదీయుదురు. ఆ పొరను తీసివేయరు. పిదప ముక్కోణపు సందు తెరచి, కర్ణావర్తపు గుండ్రని కిటికీని చూచి, ఆ పొరను చీల్చియో, ప్రక్కన చిన్న రంధ్రము చేసియో తీగల కట్టను మెల్లగా పంపుదురు. తొందర కూడదు, లోని సున్నితమైన పొర చిరుగును. 1993లో జర్మనీ వైద్యుడు లేన్‌హార్ట్ ఈ మెత్తని చేతిని ఒక సిద్ధాంతముగా ప్రతిపాదించెను. పుర్రె పెరిగినకొలది తీగ సాగుటకు కొంత వదులు ఉంచుదురు. మెదడు పొరల వాపు రాకుండ ముందుగానే టీకాలు వేయించుట ఇప్పుడు విధి.

ముక్కోణపు సందును తప్పించుకొను పద్ధతులును కలవు. గ్రీసు దేశపు వేరియా పట్టణమున కిరట్జిడిస్ అను వైద్యుడు మాస్టాయిడ్‌ను త్రవ్వక, చెవిద్వారపు గోడలో సొరంగము చేసి తీగను పంపెను. ఆ పట్టణము పేరే పద్ధతికి పేరైనది. టెల్ అవీవ్ చెంత క్రోనెన్‌బర్గ్ చెవిద్వారమునకు పైనుండి త్రోవ తీసెను. సందు మరీ ఇరుకైన బిడ్డలకును, ఎముక నిర్మాణము వక్రమైన బిడ్డలకును ఇవి ఉపకరించును. మన దేశములోను కొందరు వేరియా పద్ధతిని అవలంబించిరి. ఏది మేలని ఆ తండ్రి అడుగగా మేము వైద్యులము కాకున్నను ఒక మాట చెప్పితిమి: త్రోవ పేరు కన్న, ఆ త్రోవన ఆ చేయి ఎన్నిమార్లు నడచినదో అడుగుమని. అనుభవము గల చేతులలో ముఖనాడికి శాశ్వతమైన హాని మిక్కిలి అరుదు. ఆ బిడ్డ మొగము నేడు చక్కగా నవ్వుచున్నది.

ఈ చరిత్రలో తెలుగువారి పాలును కొంత చెప్పవలెను. హైదరాబాదువాసియు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడుగా ఉండినవాడును అగు అలీ యావర్ జంగ్ గారి పేరిట 1983లో బొంబాయిలో వినికిడి లోపము గలవారి జాతీయ సంస్థ ఏర్పడెను. కేంద్రప్రభుత్వము 2014లో ఆరు లక్షల రూపాయల మేరకు పసిబిడ్డల ఇంప్లాంటు వ్యయమును భరింప నిశ్చయించినప్పుడు ఆ పథకమును నడపు బాధ్యత ఈ సంస్థకే ఇయ్యబడినది. దానికి ముందే ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ వచ్చెను. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు స్వయముగా వైద్యులు. వైద్యము చదివినది ఈ కన్నడదేశపు గుల్బర్గాలోనే. ఆ పథకమున ఈ ఖరీదైన చికిత్సను చేర్చుటవలన కూలివాని బిడ్డకును వినికిడి అందెను. అయితే అది ఆ రాష్ట్రమువారికి. మనము కన్నడదేశపు వాసులము. మన కార్డు ఇచటిది. ఇచటి ప్రభుత్వ పథకములనే మనము విచారించుకొనవలెను. బంధువుల చిరునామా మీద అక్కడ ప్రయత్నించి నెలలు వృథా చేసికొన్న కుటుంబమును మేమెరుగుదుము.

విశాఖపట్టణమున 1969లో నెలకొల్పిన నౌకాదళ పరిశోధనశాల సముద్రగర్భమున శత్రునౌక చప్పుడును ఆలకించు విద్యయందు, టార్పీడోల నిర్మాణమునందు ఆరితేరినది. ఆ శాలవారే భుజంగరావు గారి నాయకత్వమున, అబ్దుల్ కలాము గారి ప్రోత్సాహముతో, చౌకగా దేశీయమైన ఇంప్లాంటును నిర్మింప బూనిరి. కడలిలోని చప్పుడు వినువారు బిడ్డ చెవిని తలచుట ఎంతయు ఉచితము. కాని నేటికిని మన ఆసుపత్రులలో పెట్టుచున్నవి చాలవరకు సిడ్నీ నుండియో, ఆస్ట్రియా నుండియో, కాలిఫోర్నియా నుండియో వచ్చినవే. ఒకమారు పెట్టించిన పిమ్మట బయటి యంత్రమునకు తీగలు, బ్యాటరీలు, కొన్నియేండ్లకు యంత్రమే మార్పు: ఈ వ్యయము తరుగదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఇన్ని వేలమంది ఇంజనీర్లు ఉండియు ఈ కొరత తీరకుండుట మాకు కొరుకుడు పడని విషయము.

మరియొక మాట, చెప్పుటకు ఇబ్బందియైనను, చెప్పక తప్పదు. మనలో మేనరికములును, మేనమామను పెండ్లాడుటయు ఆచారము. పుట్టుచెవుడు తెచ్చు జన్యులోపములు తల్లివైపు ఒకటి, తండ్రివైపు ఒకటి చేరినప్పుడే సాధారణముగా బయటపడును. జీజేబీ2 అను జన్యువులోని లోపము మన దేశమున తరచుగా కనబడును. రక్తసంబంధము దగ్గరయైనకొలది ఒకే లోపము రెండువైపుల నుండి వచ్చు అవకాశము హెచ్చును. ఆస్తి చెదరదని చేసికొన్న సంబంధములు ఇవి. ఎవరిని నిందించుటకును వ్రాయలేదు; మా యింటిలోను ఉన్నవి. కాని పూర్వము ఇంటిలో ఎవరైన చెవిటివారున్నచో, బిడ్డ పుట్టిన నెలలోపుననే వినికిడి పరీక్ష చేయించుట సులభము. నిదురించు బిడ్డకు నొప్పి లేకయే ముగియును.

ఇప్పుడు భాష మాట. శస్త్రము జరిగిన రెండు మూడు వారములకు బయటి యంత్రమును తగిలించి మీట నొక్కిరి. బిడ్డ ఉలికిపడి ఏడ్చినది. ఆ ఏడుపునకు తల్లి ఆనందముతో ఏడ్చినది. పిమ్మట మాట నేర్పు చోట ఒక సలహా లభించెను: బిడ్డతో ఇంటిల్లిపాదియు ఒకే భాష మాటాడవలెను, బడికి పనికివచ్చునది గనుక ఇంగ్లీషైనచో మేలు, రెండు భాషలైనచో బిడ్డ తికమకపడును అని. ఆ సలహా సదుద్దేశముతో చెప్పినదే. లోకమంతట చాలకాలము చెప్పినదే. ఆ యింటిలో దాని ఫలమేమనగా, ఆనేకల్లు వైపునుండి వచ్చియున్న అవ్వ మౌనము పట్టినది. ఆమెకు ఇంగ్లీషు రాదు. బిడ్డ దగ్గర తెలుగు మాటాడరాదని ఆమె ఎత్తుకొనుట తగ్గించినది. తల్లి తనకు సగమే వచ్చిన భాషలో బిడ్డతో పది మాటలు త్రిప్పి త్రిప్పి చెప్పుచుండెను. ఇంటిలో అంతకుముందున్న చప్పుడే తగ్గిపోయినది! వినుట నేర్వవలసిన బిడ్డకు వినుటకు ఏమియు లేదు.

2004లోనే అమెరికాలో రాబిన్స్, గ్రీన్, వాల్ట్జ్‌మన్ అను పరిశోధకులు మూడేండ్లలోపున ఇంప్లాంటు పొందిన పిల్లలలో కొందరు రెండు భాషలు నేర్చుచున్నారని, ఇంటి భాష రెండవదానికి అడ్డు కాలేదని చూపిరి. అటు తరువాతి పరిశోధనలును ఆ వైపే మొగ్గినవి. బిడ్డకు కావలసినది భాషల లెక్క కాదు. నిండుగా, తప్పులేకుండ, ప్రేమతో, రోజంతయు మాటాడు నోరు. మన యిండ్లలో ఆ నోరు తెలుగుది. కన్నడము వీధిలో వచ్చును, రావలెను కూడ. ఈ నేలపై ఉండి ఆ భాష రానివాడు తన బిడ్డకే కీడు చేసినవాడు. సంజ్ఞాభాషయు ఒక భాషయే. 2015లో ఢిల్లీలో దానికి పరిశోధనకేంద్రము ఏర్పడినది. ఇంప్లాంటు తగనివారికిని, వలదనుకొన్నవారికిని అది నిండైన త్రోవ. దానిని తక్కువ చేయుట మాకు సమ్మతము కాదు.

తెలుగు ఈ యంత్రమునకు అనుకూలమైన భాష యని మా అభిప్రాయము. తీగల ద్వారా స్వరపు ఎత్తుపల్లములు సరిగా అందవు. అందుచేతనే సంగీతము బిడ్డకు తాళముగా తెలిసినంత రాగముగా తెలియదు. కాని కాలపు కొలత చక్కగా అందును. మన భాష కాలపు కొలతపై నడచునది. కల వేరు, కాల వేరు. గద వేరు, గద్ద వేరు. పదము చివర అచ్చు పలికి మాటకు ముగింపు తెలుపును. దినమును యంత్రము పనిచేయుచున్నదో లేదో చూచుటకు ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అను ఆరు ధ్వనులను నోరు కనబడకుండ పలికి పరీక్షింతురు. మన వర్ణమాల వచ్చిన ఏ అవ్వయైనను ఆ పని చేయగలదు.

ఆ యింటి తల్లిదండ్రులు మరొకచోట విచారించి, ఆరు నెలల పిమ్మట తెలుగునకు మరలిరి. అవ్వ మరల నోరు విప్పినది. వంటింటిలో పోపు వేయుచు ఆవాలు చిటపటమను చప్పుడును చూపి పేరు చెప్పును. పాలవాని సైకిలు గంటకు పేరు చెప్పును. దినమును ప్రొద్దుట బిడ్డ వెనుక నిలిచి ఆ ఆరు ధ్వనులు పలుకును. మేము మొదట పోయినప్పుడు బిడ్డ ఆమెను "అవ" అని పిలుచుచుండెను. మొన్న ఉగాదికి పోయినప్పుడు వాకిటనుండియే విన్నాము. వకారమును ఒత్తి, "అవ్వా" అని, దీర్ఘము తీసి పిలుచుచున్నది. అవ్వ వినబడనట్లు నటించి రెండవమారు పిలిపించుకొన్నది.